తలుపు వెనక కట్టె

"అక్కడ కామా చాలదు మామయ్యా" అంది కోడలు సారిక మూడోసారి.

"చాలదా? ముప్పయొక్క ఏండ్లు చాలింది గదా బిడ్డా! నలుగురు మేనేజర్లు మారిండ్రు. ఒక్కలన్న ఎత్తి చూపెట్టిండ్రా?"

"ఎత్తి చూపెట్టకపోవుడు వేరు, అది ఒప్పు కావుడు వేరు."

"అంటే, నేను ఇన్నేండ్లు రాసిందంత తప్పే అంటవ్."

"అంత అంటలేను. హవెవర్ దగ్గర అంటున్న."

జ్ఞానయ్య కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. చర్చి నుంచి వచ్చి రెండు గంటలయినా తెల్లచొక్కా విప్పలేదు. భార్య సుసన్నా వండిన కోడికూర పొయ్యి గట్టు మీద మూతకిందే చల్లారిపోతోంది. ఆదివారం పూట చౌరస్తాలో టైపు కొట్టే జిరాక్స్ దుకాణం ఆరింటికల్లా మూసేస్తారు. రేపు పొద్దున పది గంటలకు గని ఆఫీసులో కొడుకు జాన్ ప్రసాద్ తన జవాబు ఇచ్చుకోవాలి. ఇవ్వకపోతే చెప్పుకునేదేమీ లేదని రాసుకుంటామని మెమోలో ఉంది.

"సరే, చెప్పు టీచరమ్మా" అన్నాడాయన ఎత్తిపొడుపుగా. "నీ పదో క్లాసు పిల్లలకు చెప్పినట్టే చెప్పు. వింట."

సారికకు కోపం రాలేదు. ఈ వారమంతా బడిలో ఆమె చెబుతున్న పాఠమే ఇది. హవెవర్, దేర్‌ఫోర్, మోర్‌ఓవర్. ముప్పై ఎనిమిది నోట్‌బుక్కుల్లో ఇరవై తొమ్మిదింట్లో ఇదే తప్పు దిద్దింది.

"రెండు వాక్యాలంటే రెండు క్వార్టర్లనుకోండి మామయ్యా. దేని సంసారం దానిది. నడుమ హవెవర్ వస్తే దాని ముందర గోడ ఉండాలె. ఫుల్‌స్టాపన్న పెట్టాలె, సెమీకోలనన్న పెట్టాలె. కామా అంటే పరదా. పరదా కడితే రెండిండ్లు వేరు కావు గదా. కామా హవెవర్ తర్వాత పెట్టాలె."

"మన క్వార్టర్ల గోడల సంగతి నువ్వే చెప్పాలె. పక్కింట్ల దగ్గితే మనింట్ల మందేసుకుంటం."

వంటింట్లోంచి సుసన్నా నవ్వు వినిపించింది. అది సగంలోనే ఆగిపోయింది. ఈ ఇంట్లో నవ్వి ఇరవై రెండు రోజులైందని ఆమెకు అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"ఇయ్యండి, నేను సాపు చేస్త" అని సారిక కాగితం తన ముందుకు లాక్కుంది.

జ్ఞానయ్య అక్షరం గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది. గని ఆఫీసులో గుమాస్తాగా రిటైరై తొమ్మిదేళ్ళయినా, ఆ చుట్టుపక్కల నాలుగు లైన్ల క్వార్టర్లలో ఎవరికి మెమో వచ్చినా, సెలవు కావాలన్నా, కాగితం పట్టుకుని ఈ గడపే తొక్కుతారు. ఆయన ఎవరినీ కాదనడు, ఎవరి దగ్గరా టీ కూడా తాగడు. ఇంగ్లీషులో తన కొడుకు కోసం కాగితం రాయడం మాత్రం ఇదే మొదలు.

సారిక ఎర్ర పెన్ను తీసి మొదటి వాక్యం చదివింది. నా షిఫ్టులో నాలుగు గంటల పది నిమిషాలకు నా కట్టెతో పైకప్పు తట్టి పరీక్షించాను. అక్కడ సెమీకోలన్. హవెవర్, కామా. పోశం అనే కార్మికుడు అడ్డంగా కట్టిన తాడు దాటి లోపలికి వెళ్ళాడు. సెమీకోలన్. దేర్‌ఫోర్, కామా. పైకప్పు కూలి జరిగిన ప్రమాదానికి అతని నిర్లక్ష్యమే కారణం. ఫుల్‌స్టాప్. మోర్‌ఓవర్, కామా. చెప్పిన మాట వినకపోవడం అతనికి మొదటినుంచీ అలవాటు.

గుర్తులన్నీ ఎక్కడివక్కడ పడ్డాయి. మామగారి కామాలతో తడబడుతూ నడిచిన ఉత్తరం ఇప్పుడు నిటారుగా నిలబడి మాట్లాడుతోంది. చదివిన వాళ్ళెవరైనా నమ్ముతారు.

సారిక మళ్ళీ మొదటికి వచ్చింది. నా కట్టెతో. ఎర్ర పెన్ను ఆ మాట కింద ఆగింది.

"మళ్ల ఏమైంది?" అన్నాడు జ్ఞానయ్య.

"ఏం లేదు. ఆయనను ఒక్క మాట అడిగొస్త."

"వాన్నేం అడుగుతవ్?" జ్ఞానయ్య గొంతు ఒక్కసారిగా మారింది. "కామాల కాడికి చూడమన్న నిన్ను. కామాలు చూడు."

ఆమె అప్పటికే లేచింది.

*

జాన్ ప్రసాద్ లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. డ్యూటీకి రావద్దన్న నాటినుంచి అతని చోటు ఆ మంచమే. తలుపు వెనక మూలన అతని సిర్దార్ కట్టె ఆనించి ఉంది. ఛాతీ ఎత్తు టేకుకర్ర, చివర ఇత్తడి పొన్ను. షిఫ్టు మొదట్లో, పనివాళ్ళ భద్రత చూసే సిర్దార్ ఆ పొన్నుతో పైకప్పు తట్టుకుంటూ పోవాలి. గట్టి కప్పయితే ఖంగుమంటుంది. వదులైన చోట పగిలిన కుండలా పలుకుతుంది. సిర్దార్ తట్టి, సరే అన్నాకే మిగతావాళ్ళు లోపలికి అడుగు పెడతారు.

"కాయితం చదివిండ్రా?" అంది సారిక మంచం కోడు దగ్గర నిలబడి.

"నాన్న రాసిండు గదా. ఏం చదవాలె?"

"తట్టినట్టు రాసిండు."

అతను దుప్పటి భుజాల మీదికి లాక్కున్నాడు.

"నాలుగ్గంటల పదికి అని టైము గూడ పెట్టిండు."

"తనిఖీ బుక్కుల గదే ఉన్నది."

"బుక్కుల ఎవరు రాసిండ్రు?"

"నేనే."

"ఎప్పుడు?"

పక్క లైనులో ఎవరో ప్రెషర్ కుక్కర్ పెట్టారు. అది మూడు కూతలు కూసింది.

"మూడున్నరకు" అన్నాడు చివరికి గోడతో చెబుతున్నట్టు.

సారిక మంచం అంచున కూర్చుంది.

"దిగంగనే రాసి సంతకం పెట్టుకుంట. ఎన్మిదేండ్ల సంది గంతే. ఎనుక రాయాలంటే బయటికొచ్చేటప్పుడు ఆలస్యమైతది, బస్సు పోతది. రాసినంక తట్టుకుంట పోత. ఒక్కనాడు గూడ తప్పలే సారికా, దేవుని తోడు. ఆ రోజు చేతుల కట్టె లేకపాయె."

"వేరేటోళ్లది అడగకపోయిండ్రా?"

"సిర్దారు కట్టె ఇంట్ల మరిచొచ్చిండంటే నవ్వరా? ఉత్త చేతులతోటి లైటు ఏసి చూసిన. మంచిగనే కనవడ్డది కండ్లకు. పోశం అడిగిండు. 'సారూ, తట్టిండ్రా?' అని. 'తట్టిన, పో' అన్న."

ఆ రెండు మాటలూ అతను ఇంతకు ముందు ఎవరికీ చెప్పలేదని ఆమెకు అర్థమైంది.

"మరి తాడు?"

"ఏం తాడు? తాడు లేదు ఏం లేదు. తాడు నాన్న కట్టిండు."

అతను ఇటు తిరిగాడు. కళ్ళు లోపలికి పోయాయి. తలుపు మూలకేసి చూశాడు. "నాకు తెల్వనిదొక్కటే. బస్సు హారన్ కొడుతుంటే ఈ తలుపెనకకు వచ్చి చూసిన. అక్కడ లేదు. అర్ధరాత్రి ఇంటికొచ్చి చూస్తే అక్కడ్నే ఉన్నది. నా కండ్లకు ఏం గత్తర కొట్టిందో! అప్పటిసంది గదే ఆలోచిస్తున్న."

సారిక నోరు తెరిచింది. చెప్పాల్సిన మాట నాలుక దాకా వచ్చింది.

అప్పుడే బయట గేటు గొళ్ళెం చప్పుడైంది. "పెద్దసారూ, ఉన్నరా?" అన్న ఆడగొంతు వినపడింది.

జాన్ ప్రసాద్ ముఖం పాలిపోయింది. అది పోశం భార్య సారలమ్మ గొంతు.

*

సారలమ్మ గడప లోపల, తలుపు పక్కనే చతికిలబడింది. కుర్చీ వేస్తే వద్దంది. చేతిలో మడతపెట్టిన కాగితం, దవాఖాన చీటీలున్న ప్లాస్టిక్ సంచి.

"మాకు గూడ వచ్చింది సారూ మెమో. నువ్వేం చేసినవ్, ఎట్ల పోయినవ్, రాసియ్యమన్నరట. ఆయన చెయ్యి ఇంక వణుకుతనే ఉన్నది. అయినా మాకు ఇంగ్లీషు ఎక్కడిది? జ్ఞానయ్య సార్ ఉండంగ మనకేం ఫికర్ అన్నడు."

జ్ఞానయ్య బల్లమీది కాగితం మీద అరచెయ్యి బోర్లించాడు. ఎర్ర గుర్తులు వేళ్ళ సందుల్లోంచి కనపడుతూనే ఉన్నాయి.

"ఎట్లున్నడు?" అంది సుసన్నా కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి.

"ఎట్లుంటడక్కా! కుడికాలు మోకాలు కాడికి తీసేసిరి గద. నర్సమ్మలను నవ్విస్తాండు. మొన్ననే కొత్త చెప్పులు కొన్నడు. ఒకటి ఏస్కుంట, రెండోది సగం ధరకు ఎవడన్న కొంటడేమో అడుగవే అంటాండు." సారలమ్మ నవ్వబోయింది. పెదవి అదిరి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పొద్దుమీకి ఇంకొకలకు చెప్పి నవ్వుతడు. నేను చూడనప్పుడు గోడదిక్కు తిరుగుతడు."

లోపలి గదిలో మంచం కిర్రుమంది.

"ఏం రాయమన్నడు?" అన్నాడు జ్ఞానయ్య.

"సిర్దార్ సార్ తట్టిండని రాయమన్నడు. నేనే తొందరపడి ముంగటికి పోయిన, సార్ తప్పు ఏమాత్రం లేదని రాయమన్నడు. 'జాన్ ప్రసాద్ పిల్లగాడు, ముంగట ఇంక మస్తు నౌకరి ఉన్నది. నా కాలు ఎట్లన్న పాయె, ఆయన బతుకెందుకు పాడు చెయ్యాలె' అంటాండు." ఆమె తల దించుకుంది. "నాకైతే మనసున పడతలేదు సారూ. ఆయన ఇరవై ఆరేండ్ల సంది కంపెనీల పని చేసిండు. తట్టింది లేదు అంటే అడుగు ముంగటికెయ్యడు. మరి ఎట్ల పోయిండో, నాకు తెల్వది. అడిగితే చెప్పడు. మీరైతే ఆయన చెప్పినట్టే రాయండి."

జ్ఞానయ్య చెయ్యి తనంతట తానే సొరుగు లాగింది. తెల్లకాగితం తీసి, పెన్ను మూత విప్పి, పైన తారీఖు వేశాడు. గౌరవనీయులైన మేనేజర్ గారికి అని ఇంగ్లీషులో రాశాడు. ముప్పయొక్క ఏళ్ళ అలవాటు అక్కడిదాకా నడిపించింది. ఆ తర్వాత పెన్ను కదలలేదు.

సారిక చూస్తోంది. ఒక అరచెయ్యి కింద కొడుకు కాగితం. ఇంకో చేతి కింద పోశం కాగితం. ఒకదాంట్లో పోశం మాట వినని మనిషి. రెండోదాంట్లో అదే మాట పోశమే ఒప్పుకోబోతున్నాడు.

"సారలమ్మా" అన్నాడు జ్ఞానయ్య. "సాయంత్రం ఆరింటికి రా. రాసి పెడత."

"గట్లనే సారూ."

సుసన్నా లేచి, గిన్నెలో కోడికూర, అన్నం సర్ది తెచ్చి ఇచ్చింది. సారలమ్మ వద్దనలేదు. వెళ్తూ వెళ్తూ సారికవైపు తిరిగింది. "టీచరమ్మా, పిల్లగాడు ఇల్లు కదులుతలేడట. రంది పెట్టుకోవద్దని చెప్పు. ఆయన నౌకరికేం కాదు."

గేటు గొళ్ళెం పడింది.

*

"ఇద్దరికి నువ్వే రాస్తవా?" అంది సుసన్నా.

జ్ఞానయ్య రెండు కాగితాలనూ పక్కపక్కకు జరిపాడు.

"నిన్నే అడుగుతున్న. కొడుకు కాయితం నువ్వే, పోశం కాయితం నువ్వే? పొద్దుగాల ప్రార్థనల లేచి నిలబడి వాక్యం చదివినవ్. గదే నోటితోటి, గదే చేతితోటి?"

"నేనేం చెయ్యాలె?" ఆయన బల్లమీద చరిచాడు. పెన్ను దొర్లి కింద పడింది. "వాని సిర్దార్ సర్టిఫికెట్ గుంజుకుంటరు. నౌకరి తీస్తరు. ముప్పై నాలుగేండ్లోడు చౌరస్తాల నిలబడాల్నా? పోశం నాలుగేండ్లల రిటైరు. కాలు పోయినందుకు వాని కొడుక్కో బిడ్డకో కంపెనీ నౌకరి ఇస్తది. మనకెవరిస్తరు?"

"పోశం తప్పని తేలితే ఇస్తదా?"

ఆయన పెన్ను కోసం కిందికి చూశాడు.

"ప్రసాదును అడిగినవా? ఏం జరిగిందిరా అని ఒక్కమాటన్న అడిగినవా?"

"అడగలే" అన్నాడాయన. "అడిగితే చెప్తడు. వాడు చెప్తే నేను రాయలేను."

సుసన్నా వంగి పెన్ను తీసి బల్లమీద పెట్టి, లోపలికి వెళ్ళి నాలుగు పళ్ళాలు తెచ్చింది. నాలుగు దాటింది. పొద్దున తిన్న రొట్టె ముక్క తప్ప ఎవరి కడుపులోనూ ఏమీ లేదు. జాన్ ప్రసాద్ వచ్చి తన చోట కూర్చున్నాడు. కళ్ళెత్తలేదు. సుసన్నా కళ్ళు మూసుకుని భోజన ప్రార్థన మొదలుపెట్టి రెండు మాటలకే ఆపేసింది. "ఆమెన్" అని ఎవరూ అనలేదు.

సారిక అన్నంలో వేళ్ళు పెట్టి ఊరుకుంది.

ఆ ప్రమాదం రోజు రెండో శనివారం. బడికి సెలవు. దుప్పట్లన్నీ ఉతికింది. తడి బరువుకు పెరట్లో దండెం నేలకు వంగింది. చేతికందిన కర్ర తెచ్చి తాడు కింద పోటు పెట్టింది. ఆ తర్వాత కూర్చుని పేపర్లు దిద్దుతోంది. లోపల్నుంచి "కట్టె ఏది?" అన్న కేక. తలెత్తకుండా "తలుపెనక చూడండి" అంది. హారన్, పరుగు, గేటు. దుప్పట్లు ఆరాక, చీకటి పడకముందే కట్టె తెచ్చి తలుపు వెనక నిలబెట్టింది. అప్పటికింకా కబురు రాలేదు. కబురు వచ్చాక చెప్పలేకపోయింది. ఒక రోజు గడిచాక చెప్పడం ఇంకా కష్టమైంది. రెండో రోజు మరీ కష్టమైంది.

"కట్టె మీరు మరిచిపోలే" అంది.

ముగ్గురూ చూశారు.

"నేను దండేనికి పోటు పెట్టిన. దుప్పట్లకు. మీరు అడిగితే తలుపెనక చూడుమన్న. సాయంత్రం మల్ల తెచ్చి అక్కడ పెట్టింది నేనే. మీ కండ్లకేం కాలే."

ముద్ద జాన్ ప్రసాద్ చేతిలోనే ఉండిపోయింది.

ముందుగా కదిలింది జ్ఞానయ్య. ఆయన ముఖంలోకి ఎక్కడ్నుంచో వెలుగు వచ్చింది. ఎంగిలి చెయ్యి పళ్ళెంలో కడిగేసుకుని బల్లవైపు తిరిగాడు. "గిదా సంగతి! మరి ముందే చెప్పకపోయినవా బిడ్డా? గిట్ల రాస్తే మొత్తమే మారిపోతది. కట్టె తీస్కపోవాలనే చూసిండు, హవెవర్, ఇంట్లోళ్ల పొరపాటుతోటి..."

"నాన్నా" అన్నాడు జాన్ ప్రసాద్.

"ఉండురా. ఆడోళ్ల పొరపాటంటే సార్లు గూడ అర్థం చేసుకుంటరు. సారికా, నువ్వొక సంతకం పెడితే..."

"నాన్నా, పెన్ను కింద పెట్టుండ్రి."

ఆయన పెట్టాడు.

జాన్ ప్రసాద్ భార్యవైపు చూశాడు. ఇరవై రెండు రోజుల్లో అతను ఆమెను సూటిగా చూడటం ఇదే.

"ఇన్ని దినాలు" అన్నాడు. "పక్కల పండుకొని. నేను కండ్లు పొడుసుకుంటుంటే చూసినవ్."

"భయమైంది."

"నాకు కాలేదా? నాకొక్కనికే కావాల్నా భయం?"

"అరే ప్రసాదూ, అన్నం ముంగట వద్దు" అంది సుసన్నా.

"నువ్వు కట్టె తీసినందుకు నేనేం అంటలేను సారికా. కట్టె లేనోడు తట్టలేదని చెప్పాలె. గది నా తప్పే. నువ్వేమో..." అతను లేచి వెళ్ళాడు. పెరట్లో చెయ్యి కడుక్కున్న నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.

సారిక కదల్లేదు. అత్తగారి చెయ్యి ఆమె వీపు మీద పడింది. ఓదార్పో, ఇక ఊరుకొమ్మనో తెలియలేదు. ఒక క్షణం ఉండి తీసేసింది.

తిరిగి వచ్చేటప్పుడు అతను లోపలి గదిలోకి వెళ్ళి, తలుపు మూలనుంచి కట్టె తెచ్చాడు. వెలుతురులో తిప్పి చూశాడు. ఇత్తడి పొన్ను అంచున దండెపు నీలం నైలాన్ తాడు పోగొకటి ఇరుక్కుని ఉంది. గోటితో లాగబోయి, మానేశాడు. కట్టెను బల్లమీద, తండ్రి ఉత్తరం మీద అడ్డంగా పెట్టాడు. సారిక పెట్టిన ఎర్ర గుర్తులు సగం దానికింద పడ్డాయి.

గడియారం అయిదు చూపిస్తోంది.

"ఆరింటికి సారలమ్మ వస్తది" అన్నాడు. గొంతు పెంచలేదు. ముగ్గురిలో ఎవరి ముఖమూ చూడలేదు. "ఆమెకు కాయితం ఎవ్వరు రాయద్దు. నాకు గూడ రాయద్దు. ఆమె ఎంట నేను దవాఖానకు పోతున్న. తట్టలేదని ముందుగాల పోశంకు చెప్త. రేపు పదింటికి సార్ల ముంగట గదే మాట తెలుగుల నోటితోటి చెప్త. సర్టిఫికెట్ అడిగితే ఇచ్చొస్త."

జ్ఞానయ్య పెన్నుకు మూత పెట్టాడు.

సారిక లేచి నిలబడింది. "నేను గూడ వస్త."

అతను కట్టె మీదినుంచి చెయ్యి తీయకుండానే అన్నాడు.

"నువ్వు ఇంట్లనే ఉండు."